శిలీంధ్ర సంపద – మన యుపేక్ష

పుట్టగొడుగు అను మాటను మన పూర్వులు ఎంత సూటిగా నిర్మించిరో యాలోచించినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. తొలకరి జల్లులు పడి చెదపుట్ట మెత్తబడగనే దాని నెత్తిన తెల్లని గొడుగులు విచ్చుకొనును. ఆ గొడుగునకును ఆ పుట్టకును గల సంబంధము ఒక్కచోట నుండుట మాత్రమే కాదనియు, చెదపురుగులు పుట్టలోపల ఆ శిలీంధ్రమును తోటమాలివలె పెంచి దానినే తిని బ్రదుకుచున్నవనియు శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పిరి. మన భాష ఆ సంబంధమును పేరులోనే దాచి యుంచినది. కాని ఆ పేరు వద్దనే మనము ఆగిపోయితిమి. దక్షిణ భారతమున దొరకు ఒక పుట్టగొడుగు జాతి లక్షణములను వివరించి, టెర్మిటోమైసిస్ హైమియై అను నామముతో నటరాజన్ గారు దానిని శాస్త్రలోకమునకు పరిచయము చేసినది 1979లో. తరతరములుగా జనులు కూర వండుకొనుచున్న వస్తువునకు శాస్త్రగ్రంథములలో చోటు దొరకి ఏబది యేండ్లయినను నిండలేదు. తినుచున్న దాని సంగతియే యిట్లున్నప్పుడు, కంటి కగపడని బూజుల సంగతి వేరుగ జెప్పనేల?

నేటివరకు ప్రపంచమున పేరు పెట్టబడిన శిలీంధ్రజాతులు సుమారు 1,55,000. ఉండదగినవి 22 లక్షలు మొదలు 38 లక్షలవరకని హాక్స్‌వర్త్, లూకింగ్ అను పండితులు 2017లో అంచనా వేసిరి. లండను క్యూ ఉద్యానవనమువారు 2023లో ప్రకటించిన నివేదిక 25 లక్షలని చెప్పుచున్నది. ఏ లెక్కను గ్రహించినను నూటికి తొంబదికి పైగా జాతులు అనామకములుగానే యున్నవి. ఏటేట క్రొత్తగా పేరు పొందునవి రెండువేల పైచిలుకు. ఈ నడకను బోయినచో ఎనిమిదివందల యేండ్లకైనను పని ముగియదు. ఈలోపల ఎన్ని యడవులు నరకబడునో, ఎన్ని చెరువులు పూడ్చబడునో, వానితోపాటు ఎన్ని జాతులు ఎవరికిని తెలియకుండ నశించునో లెక్కగట్టగలవాడు లేడు.

ఇంతకును బూజునకు పేరు పెట్టినంత మాత్రమున దేశమునకు ఒరుగునదేమి యని చదువరులు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. శిలీంధ్రము మొక్కవలె ఎండనుండి ఆహారము సంపాదింపజాలదు. జంతువువలె ఆహారమును వెదకికొని పరుగెత్తజాలదు. తానున్న చోటనే పాచకరసములను వెలుపలికి వదలి, ఎదుటి వస్తువును కరగించి, పిమ్మట పీల్చుకొనును. గోడలు లేని వంటయిల్లు వంటిది దాని సంసారము. కరగిన యాహారమునకు చుట్టునున్న బాక్టీరియాలును తోడి శిలీంధ్రములును పోటీకి వచ్చును. కావున తన కంచమును కాపాడుకొనుటకు అది నానావిధములైన విషములను తయారుచేయ నేర్చినది. మోతాదు నెఱిగి వాడినచో ఆ విషములలో గొన్ని మనకు అమృతములైనవి. గుండెజబ్బునకు భయపడి రాత్రి పరుండబోవునపుడు పట్టణవాసి మ్రింగు కొవ్వుమాత్రల వంశము బూజులలో మొదలైనదే. మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవాడు నిత్యము సేవించు మందులలో రెండు బూజుల వరములే. అంతయేల, పల్నాటి మిరపచేలలో కాయకుళ్లునకు రైతు చల్లు అజాక్సీస్ట్రోబిన్ అను మందునకు మూలము, జర్మను దేశమున దేవదారుకాయల మీద మొలచు ఒక చిన్న కుక్కగొడుగు. అంకె, స్టెగ్లిష్ అను ఇరువురు 1977లో దానియందలి ద్రవ్యమును వేరుచేసిరి; దాని పోలికను నిర్మించిన మందు 1996లో అంగడికి వచ్చెను. తోటి శిలీంధ్రములను చంపుటకు ఆ కుక్కగొడుగు దాచుకొన్న యాయుధమునే మన రైతు రూకలిచ్చి కొనుచున్నాడు.

1928వ సంవత్సరమున లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఫ్లెమింగ్ తన గాజుపళ్లెమున చూచిన బూజు కథ బడిపిల్లలకును తెలిసినదే గనుక మేము దానిని మరల చెప్పబోము. చెప్పవలసినది ఆ బూజు పేరు కథ. 1929లో ప్రకటించిన తన వ్యాసమున ఫ్లెమింగ్ దానిని పెనిసిలియం రూబ్రమ్ అని వ్రాసెను. అది కాదు, నొటేటమ్ అని అమెరికాలో చార్లెస్ థామ్ నిర్ణయించెను. 2011లో హౌబ్రాకెన్ మొదలగువారు జన్యువులను పరీక్షించి రూబెన్స్ అని తేల్చిరి. పేరులో నేమున్నది, మందు మందే కదా యందురేమో! పేరులోనే యున్నది. థామ్ వంటివాడొకడు పెనిసిలియం కుటుంబమునంతటిని జీవితకాలము శోధించి, సజీవమైన నమూనాలను పోగుచేసి యుంచినందుననే, యుద్ధకాలమున అమెరికాలోని పెయోరియా ప్రయోగశాలవారికి ఆ బూజు చుట్టపక్కాల నెల్ల వరుసగా పరీక్షించుటకు వీలు చిక్కినది. 1943లో ఆ యూరి అంగడిలో దొరకిన ఖర్బూజాపండు మీది బూజు ఫ్లెమింగ్ బూజుకంటె ఎన్నో రెట్లు పెనిసిలిన్ నిచ్చెను. ఏ బూజు ఏ బూజునకు చుట్టమో తెలియనివానికి ఆ పండు కుళ్లినపండు మాత్రమే.

ఇట్టి పరిశ్రమ చేయని దేశముల గతి యెట్లుండునో ఇటలీ కథ చెప్పును. పెనిసిలిన్‌కు ముప్పదియైదేండ్లు ముందుగా, 1893లో, గోజియో అను ఇటలీ వైద్యుడు పాడైన మొక్కజొన్నల మీది బూజునుండి ఒక ద్రవ్యమును స్ఫటికరూపమున రాబట్టి, అది దొమ్మరోగపు బాక్టీరియాను అణచుననికూడ కనిపెట్టెను. లోకము దానిని మరచిపోయెను. మైకోఫినోలిక్ ఆమ్లమను పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ ద్రవ్యము 1995లో గాని మూత్రపిండపు మార్పిడికి మందుగా అంగీకరింపబడలేదు. అదే దేశమున సార్డీనియా ద్వీపములో 1945లో బ్రోట్జు అను ఆచార్యుడు, కాల్యరీ పట్టణపు మురుగు సముద్రమున గలియుచోట నీరు తనంతట తానే శుభ్రపడుట గమనించి, ఆ నీటినుండి ఒక శిలీంధ్రమును పట్టెను. దాని రసమును రోగుల మీద ప్రయోగించి చూచెను. 1948లో ఫలితములను ప్రకటించెను. తరువాతి పనికి తన దేశమున చేయూత దొరకక, ఆ శిలీంధ్రమును ఆక్స్‌ఫర్డునకు పంపెను. అచ్చట ఆబ్రహాం, న్యూటన్ అనువారు సెఫలోస్పోరిన్‌ను వేరుచేసిరి. నేడు మన యూళ్లలో ఏ ఆసుపత్రికి పోయినను సూదిమందుగా వేయునవి ఆ జాతి మందులే. వాని మీద లాభము బ్రిటిషువారికిని అమెరికనులకును దక్కినది. మురుగుకాలువ మాత్రము కాల్యరీ వారిది.

నార్వే కథ ఇంకను వింతైనది. స్విట్జర్లాండు నందలి సాండోజ్ మందుల కంపెనీవారు తమ యుద్యోగులలో ప్రయాణములు చేయువారిని, పోయినచోటనుండి పిడికెడు మన్ను సంచిలో వేసికొని రమ్మని కోరుచుండిరి. 1969లో హాన్స్ పీటర్ ఫ్రే అను ఉద్యోగి సెలవు గడుపుటకు నార్వే దేశపు హార్డంగర్ పీఠభూమికి పోయి, ఆ యాచారము ప్రకారము కొంత మన్ను తెచ్చెను. ఆ మంటిలోని శిలీంధ్రమునుండి సైక్లోస్పోరిన్ పుట్టినది. అన్యుల యవయవమును శరీరము త్రోసిపుచ్చకుండ ఆపు ఆ మందు 1983లో అమెరికాలో అనుమతి పొందినది మొదలు అవయవముల మార్పిడి వైద్యము క్రొత్త జన్మ మెత్తినదని చెప్పవచ్చును. నార్వేకు పైకము రాలేదు. అడుగుటకు ఆనాడు చట్టమును లేదు. ఫ్రే దొంగతనము చేసినాడని మేము అనము. ఆకాలపు నీతి ప్రకారము మన్ను ఎవరిదియు కాదు, మందు మాత్రము కంపెనీది.

ఆ నీతి మారినది. 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక, దేశములోని జీవసంపద మీద ఆ దేశమునకే అధికారమని అంగీకరించెను. మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టమును చేసెను. మరుసటి సంవత్సరము మద్రాసున, అనగా నేటి చెన్నైలో, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వెలసెను. లాభములను పంచుకొను విధము 2010లో నగోయా ఒప్పందముగా రూపొందినది. 2012 అక్టోబరులో ఆ ఒడంబడిక రాజ్యముల మహాసభ మన హైదరాబాదు నగరముననే జరిగినది గదా! నాడు తోరణములు కట్టితిమి, ఉపన్యాసములు వింటిమి. విదేశీయుడు మన మంటిని కొనిపోవలెనన్న అనుమతి కావలెను. మన జీవులనుండి పొందిన జ్ఞానము మీద పేటెంటు కోరువాడు ముందుగా ప్రాధికార సంస్థతో చెప్పుకొనవలెను. ఇవి యన్నియు మంచివే. మేము వీనిని సంపూర్ణముగా సమర్థించువారమే.

కాని కొట్టునకు తాళము వేసినంత మాత్రమున లోపలి ధాన్యమెంతయో తెలియదు. మన చట్టము దేనిని కాపాడుచున్నదో దాని పట్టికయే మనయొద్ద లేదు. అదే చట్టములోని 39వ విభాగము, క్రొత్తజాతి నెవరు కనుగొన్నను తెలియజేసి దాని నమూనాను ప్రభుత్వము నిర్ణయించిన భాండాగారములలో నుంచవలెనని శాసించుచున్నది. ఉంచుటకు ముందు కనుగొనవలెను గదా! కనుగొనువానికి మనమిచ్చిన ప్రోత్సాహమేమి? పైగా ఈ చట్టముల చిక్కులవలన తోటి దేశముల పండితులతో నమూనాలు ఇచ్చిపుచ్చుకొనుటయే కష్టమగుచున్నదని మన దేశ శాస్త్రజ్ఞుడు ప్రతాపన్ మొదలగువారు 2018లో సైన్స్ పత్రికలో వ్యాసము ప్రకటించి మొరపెట్టుకొనిరి. బ్రోట్జు ఆక్స్‌ఫర్డునకు పంపియుండనిచో ఆ శిలీంధ్రము కాల్యరీలోనే ఎండిపోయియుండెడిది. కంపెనీ వర్తకునికి వేయవలసిన సంకెల బడిపంతులు కాలికి తగిలినచో అది దేశభక్తి యనిపించుకొనదు.

మరియొక సంగతి. నేడు మన్నునే కొనిపోవలసిన యవసరము తగ్గుచున్నది. శిలీంధ్రపు జన్యువులను చదివి, ఆ వరుసను అక్షరములుగా మార్చి, తంతి కంటె వేగముగా ప్రపంచమంతటికిని పంపవచ్చును. ఆ యక్షరములను బట్టి, ఇదివరకెవ్వరును చూడని ద్రవ్యమును వేరొక దేశపు ప్రయోగశాలలో తయారుచేయవచ్చును. 2005 ప్రాంతమున ఆస్పెర్జిల్లస్ జాతుల జన్యువులను పూర్తిగా చదివినప్పుడు, ప్రయోగశాలలో అవి మనకు చూపు ద్రవ్యములకంటె ఎన్నో యెక్కువ ద్రవ్యములను చేయగల శక్తి వానిలో నిద్రించుచున్నదని తెలిసినది. అట్లు చదివిన యక్షరముల మీద లాభము ఎవరికి చెందవలెనను ప్రశ్న 2022లో మాంట్రియల్ సభలో తలయెత్తి, 2025లో కాలీ నిధి యను పేర ఒక నిధి యేర్పడుటకు దారితీసినది. ఆ నిధికి కంపెనీలు తమయంత తాము ఇచ్చునది యెంతయో వేచిచూడవలసినదే. సరిహద్దున కాపలా నుంచి అక్షరములను ఆపజాలము. వానిని ముందుగా చదివినవాడు మనవాడైననే మన మాట చెల్లును.

మనకు పండితులు లేకపోలేదు. బట్లర్ దొర ఈ శతాబ్ది కాదు, గత శతాబ్ది యారంభమున పూసాలో నాటిన విద్య స్వదేశీయుల చేతులలో చక్కగా పెరిగినది. ఆగ్రాలో మెహతా గారు గోధుమ కుంకుమతెగులు ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకుటకై కొండలెక్కిరి. 1947లో ముండ్కర్ గారి పూనికతో భారత మొక్కల తెగుళ్ల శాస్త్రసంఘము వెలసినది. మద్రాసు విశ్వవిద్యాలయమున సి.వి. సుబ్రహ్మణ్యం గారు రచించి 1971లో ప్రకటించిన హైఫోమైసిటీస్ అను గ్రంథమును ప్రపంచములోని బూజుపండితులందరును బల్లమీద నుంచుకొనిరి. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎండిన నమూనాల భాండాగారమును, పూణె అఘార్కర్ సంస్థలోను చండీగఢ్‌లోను సజీవ నమూనాల భాండాగారములును గలవు. పునాది గట్టిదే. దానిమీద గోడ లేవకపోవుటయే మా విచారము.

నేడు చురుకైన విద్యార్థి ఎవడును సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి సిద్ధబీజముల యాకారములను గీసి జీవితము గడపుటకు రాడు. వచ్చినవానికి ఉద్యోగము లేదు. ఒక జాతిని స్థిరముగా నిర్ణయించుటకు రెండు మూడు వర్షాకాలములు పట్టును. ఏటికిన్ని వ్యాసములని లెక్కించు పద్ధతిలో అట్టివాడు సోమరియని తేలును. అతని ప్రక్కగదిలో ఇంకొకడు, ఏదో యొక పుట్టగొడుగును సారాయిలో నానబెట్టి, ఆ రసము గాజుబుడ్డిలోని కణములను చంపినదని వ్రాసి, పుట్టకురుపును మాన్పు మందు దొరకినదని పత్రికలవారికి చెప్పి కీర్తి పొందును. ఆ గొడుగు ఏ జాతిదో చెప్పడు; రసములోని ద్రవ్య మేదో చెప్పడు; నమూనాను దాచడు. ఇట్టి దానిని మేము పరిశోధన యనము. సారాయి ఒక్కటియే చాలును, బుడ్డిలోని కణములను చంపుటకు! 1993లో అమెరికాలో యూ చెట్టు బెరడులోని శిలీంధ్రము టాక్సాల్ అను కాన్సరు మందును తయారుచేయుచున్నదని ప్రకటించినప్పుడు ప్రపంచమంతయు కేరింతలు కొట్టినది. నేటికిని అంగడిలోని టాక్సాల్ ఆ శిలీంధ్రమునుండి వచ్చుట లేదు. గాజుబుడ్డికిని మందుసీసాకును నడుమ ఎంత దూరమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఆ దూరమును నడచిన తెలుగువాడొకడు గలడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధ్యక్షులై యుండగా, డగ్గర్ అను వృద్ధ శిలీంధ్ర పండితునిచేత మన్నులు శోధింపజేసిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి ఆరియోమైసిన్ లభించి 1948లో లోకమునకు తెలిసినది. దానిని పుట్టించిన జీవిని ఆనాడు బూజులలో చేర్చుచుండిరి; నేడు బాక్టీరియాలలో లెక్కింతురు. ఆ సంవత్సరముననే సుబ్బారావు గారు స్వర్గస్థులైరి. 1953లో హెసెల్టిన్ అను అమెరికను పండితుడు మురుగునీటిని వడగట్టు రాళ్లమీద దొరకిన ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టెను. శిలీంధ్ర ప్రపంచమున తెలుగువాని పేరు నిలిపినది అమెరికనుడు. అదియు అమెరికా బూజు మీదనే.

వట్టి కీర్తి మాటయే యైనచో మేమింత వ్రాయము. 1954లో పింప్రీలో హిందూస్తాన్ ఆంటిబయోటిక్స్ స్థాపించి, ఐక్యరాజ్య సమితి సంస్థల తోడ్పాటుతో మనము పెనిసిలిన్ చేసికొన నేర్చితిమి. తరువాత చైనా నుండి చౌకసరకు దిగుటతో మన కర్మాగారములు ఒక్కటొక్కటిగా మూతబడినవి. పెనిసిలిన్-జి అను మూలద్రవ్యము కొఱకు దశాబ్దములపాటు పరదేశమువైపు చూచితిమి. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చిపడిన పిమ్మట గదా ప్రభుత్వమువారికి మెలకువ కలిగి, మూలద్రవ్యముల తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకము ప్రకటించిరి! దాని ఫలముగా 2024లో మన కాకినాడ చెంతనే అరబిందో వారి కర్మాగారము, ఏటికి 15,000 టన్నుల సామర్థ్యముతో పెనిసిలిన్-జి తయారీకి పూనుకొన్నది. హర్షింపదగిన వార్త. ఇట్టి పరిశ్రమలో లాభనష్టములను నిర్ణయించునది పీపాలును కొలుములును కావు, పీపాలోని బూజు. అది ఇచ్చు దిగుబడి రెట్టింపైనచో సరకు వెల సగమగును. ఆ బూజును మెరుగుపరచు నేర్పును, దానికంటె మేలైన దానిని మన మంటిలో వెదకు ఓపికయు లేనిచో కర్మాగారము మనది, ప్రాణము పరులది యగును.

ఓపిక యనగా నెట్టిదో జపాను దేశీయుడు అకీరా ఎండో చూపెను. రైతుబిడ్డయైన యాతడు టోక్యోలోని సాంక్యో కంపెనీలో 1971లో పని ఆరంభించి, నెత్తురులోని కొలెస్టరాల్‌ను తగ్గించు ద్రవ్యము బూజులలో నుండునని నమ్మి, ఇంచుమించు ఆరువేల రకములను ఒక్కటొక్కటిగా పరీక్షించెను. క్యోటోలో ధాన్యపు దుకాణపు బియ్యము మీది నీలిబూజునుండి 1973లో కాంపాక్టిన్ దొరకెను. ఆ బాటనే పోయి అమెరికాలో మెర్క్ కంపెనీవారు వేరొక బూజునుండి తీసిన లోవాస్టాటిన్ 1987లో ముందుగా అంగడి కెక్కినది. లాభము వారిదైనను, బాట వేసినవాడు ఎండోయే యని ప్రపంచ మంగీకరించినది. మన దేశమున ఒక యువకుడు రెండేండ్లపాటు ఫలితము చూపక ఆరువేల బూజులను పరీక్షించుచు కూర్చున్నచో, అతని కొలువు నిలుచునా?

నల్లమలలో పులులను లెక్కింతుము. శేషాచలమున ఎఱ్ఱచందనపు దుంగలను లెక్కింతుము. ఆ చెట్ల వేళ్లలోను, రాలిన యాకులలోను, కోరింగ మడయడవుల బురదలోను ఉన్నవానిని లెక్కించుటకు మనుష్యులు కావలెను. రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో శిలీంధ్రముల వర్గీకరణకని ప్రత్యేకముగా చెరి రెండు ఉద్యోగములైనను ఏర్పరచి, వానిని వ్యాసముల సంఖ్యతో గాక నిర్ణయించిన జాతులతోను దాచిన నమూనాలతోను తూచవలెను. సజీవ నమూనాల భాండాగార మొకటి మనకు వేరుగ కావలెను. విద్యుచ్ఛక్తి పోయిన పూట నమూనాలు చెడిపోవు నట్టి భాండాగారము కాదు. మన్యములో ఏ గొడుగు తినదగినదో, ఏది ప్రాణము తీయునో యెఱిగిన కోయ, చెంచు స్త్రీల యెఱుకను పంచాయతీల జీవవైవిధ్య దస్త్రములలో వారి పేరనే వ్రాయింపవలెను. ఆ యెఱుకనుండి రేపొక మందు పుట్టినచో చట్టప్రకారము భాగము కోరుటకు ఆ వ్రాతయే వారికి సాక్ష్యము.

దీనికి కోట్లు అక్కరలేదు. జిల్లా కళాశాలలలోని వృక్షశాస్త్రోపాధ్యాయులకు అడవిలో తిరుగుటకు అనుమతియు, ప్రయాణపు ఖర్చులును, నమూనాలు ఎండబెట్టు పెట్టెయు ఇచ్చిన ఆరంభమునకు చాలును. అటవీశాఖవారు ఇట్టి యనుమతులను కొన్ని నెలలు నానబెట్టుట మానవలెను. గొడుగు పుట్టిన మూడునాళ్లకే క్రుళ్లిపోవును. జూన్ మొదలు అక్టోబరు వరకే దాని కాలము. ఉత్తర్వులు వేసవిలోనే వెలువడినచో ఈ యేటి వానలకే పని మొదలుపెట్టవచ్చును.